పోయిన పార్టిషన్లు తిరిగి తెచ్చిపెట్టిన అన్నకి కృతజ్ఞతలు

మా చెల్లి ల్యాప్‌టాప్ విషయంలో సాయం చేసినవాళ్లకి పదిమంది ముందు థాంక్స్ చెప్పకపోతే నాకు మనసొప్పదు.

కాలేజీ ల్యాబ్ కోసం విండోస్ పక్కనే ఉబుంటు (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) కావాల్సొచ్చి, ఒక సర్వీస్ షాపులో వేయించాం. ఇంటికొచ్చి చూస్తే రెండూ బూట్ అవుతున్నాయి గానీ డీ డ్రైవ్ లేదు, దాని పక్కనుండే రికవరీ పార్టిషనూ (విండోస్ మొరాయిస్తే బాగుచేసే ఫైళ్లుండే డిస్క్ భాగం) లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ మేరకంతా ‘అన్‌అలొకేటెడ్’ (దేనికీ కేటాయించని చోటు) అని నల్లటి పట్టీ. ఫైనలియర్ ప్రాజెక్టు మొత్తం డీలోనే ఉంది. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి మళ్లీ వేద్దామన్నారు. చెల్లి ఏడుపు ఆపలేకపోయాం.

మా అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తు అన్నది సర్వర్లు చూసే ఉద్యోగం. ఫోన్ చేయగానే, “ముందు ఆపెయ్‌రా. అందులో ఇంకేం ఎక్కించకు, ఫార్మాట్ అసలు కొట్టనివ్వకు” అన్నాడు. పార్టిషన్ పోయిందంటే చాలాసార్లు పోయేది డిస్క్ భాగాల పట్టికలో దాని ఎంట్రీ మాత్రమేనట. పైన వేరేది రాసేదాకా లోపలి డేటా అలాగే ఉంటుంది. అదే ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ కొట్టి, ట్రిమ్ (వాడని చోటును చెరిపేసుకోమని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఆదేశం) కూడా నడిచిందంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. ఆ ఒక్క మాటే మమ్మల్ని కాపాడింది.

డ్యూటీ నుంచి వచ్చి, భోజనం కూడా చేయకుండా కూర్చున్నాడు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (అందులోంచే నడిచే సిస్టమ్‌తో) బూట్ చేసి, ముందు డిస్క్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీశాడు. ఆ హార్డ్ డిస్క్ వదినది, తన ఆఫీసు పని పక్కనపెట్టి ఇచ్చింది. తర్వాత పోయిన పార్టిషన్లు వెతికిపెట్టే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ తెరిచాడు. క్విక్ సెర్చ్‌లో డీ దొరికింది, రికవరీ దొరకలేదు. డీపర్ సెర్చ్ చాలాసేపు నడిచాక ఇంకో ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) వరస కనిపించింది. దానిమీద ఫైళ్లు చూపించే ‘పీ’ కీ నొక్కితే రికవరీ ఫోల్డర్, అందులో విండోస్‌ఆర్‌ఈ, దానిలో విన్‌ఆర్‌ఈ డాట్ విమ్ అనే రికవరీ ఫైలు. డీ మీద బిట్‌లాకర్ (డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ తాళం) ఆన్‌లో లేకపోవడం కలిసొచ్చింది, ఉంటే అందులోని ఫైళ్ల పేర్లు ఇలా కనపడేవి కావు. రెండింట్లోనూ ఫైళ్లు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే, వాటిని పట్టికలో రాసే ‘రైట్’ కొట్టాడు.

విండోస్‌లోకి వెళ్లాక డిస్క్‌పార్ట్ కమాండ్‌తో ఆ రెండో పార్టిషన్ టైప్‌ని మళ్లీ రికవరీగా మార్చి, రీఏజెంట్‌సీ కమాండ్‌తో విండోస్ రికవరీని ఎనేబుల్ చేశాడు. స్టేటస్ ‘ఎనేబుల్డ్’ అని రాగానే చెల్లి అన్న చెయ్యి పట్టుకుని వదల్లేదు. వెళ్లేముందు వేరే పెన్‌డ్రైవ్‌లో రికవరీ డ్రైవ్ కూడా చేసిచ్చాడు.

టెస్ట్‌డిస్క్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన క్రిస్టోఫ్ గ్రెనియెకీ మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు.

అన్నా, డబ్బులంటే కోప్పడ్డావు కాబట్టి ఇంకెప్పుడూ అనను. ఈ ఆదివారం మాత్రం నువ్వూ వదినా మా ఇంట్లోనే భోంచెయ్యాలి, అమ్మ గట్టిగా చెప్పమంది.