క్షయ రహిత పంచాయతీల లెక్కలో లేనివి

సంపాదకులకు,

అయ్యా,

క్షయ (టీబీ) రహిత పంచాయతీలుగా ప్రభుత్వం ఎంపిక చేసిన గ్రామాల సర్పంచులు ధ్రువపత్రం, గాంధీజీ ప్రతిమ అందుకుంటున్న ఫొటోలు మీ జిల్లా పేజీల్లో తరచూ చూస్తున్నాను. వారి శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వెయ్యి జనాభాకు కనీసం 30 మందికి పరీక్షలు చేయించాలంటే ఆశా కార్యకర్తలు ఎన్ని గడపలు తొక్కాలో, ప్రకాశం జిల్లాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన నాకు తెలుసు. అయితే ఆ గుర్తింపుకు అసలు కొలమానం, వెయ్యి మందిలో ఒకరికి మించి రోగులు నమోదు కాకపోవడం. నమోదైన రోగుల సంఖ్య వేరు, ఊళ్లో వ్యాధి ఇంకా అంటుకుంటూ ఉందా లేదా అన్నది వేరు. ఈ రెండో ప్రశ్నకు ధ్రువపత్రంలో జవాబు లేదు.

క్షయ పట్నాల జబ్బు అన్న నమ్మకం 1955-58 నాటి జాతీయ సర్వేతోనే వీగిపోయింది; పల్లెల్లోనూ పట్నాలకు దీటుగా రోగులున్నారని అది తేల్చింది. 2019-21లో జరిగిన మరో జాతీయ సర్వేలో, లక్షణాలున్నవారిలో 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదని తెలిసింది. అంతకన్నా కలవరపెట్టేది ఇంకొకటి. అందులో బయటపడిన రోగుల్లో దాదాపు 43 శాతం మంది ఛాతీ ఎక్స్‌రే తీయకపోయి ఉంటే దొరికేవారే కాదు. అంటే దగ్గు ఉందా అని అడిగి, లేదన్నవారిని వదిలేసి వచ్చే ఇంటింటి సర్వేలో సగానికి కాస్త తక్కువమంది తప్పించుకుంటారు. పైగా మార్కాపురం, కనిగిరి వైపు నుంచి హైదరాబాద్‌కు కట్టడం పనులకు వెళ్లినవారిలో ఎవరికైనా అక్కడ జబ్బు తేలి, అక్కడే మందులు మొదలైతే ఆ పేరు అక్కడే నమోదవుతుంది. పండక్కి ఇంటికొచ్చి పది రోజులుండి వెళ్లినా, ఊరి లెక్క మాత్రం శుభ్రంగానే ఉంటుంది.

పరీక్షల సంగతి కొంత వివరంగా చెప్పాలి. కళ్లె పరీక్షకు ఇచ్చే డబ్బాలో చాలామంది ఉమ్మి పోసి ఇస్తారు. పొద్దున లేవగానే, నోరు పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి లోతునుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్లె కావాలని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నీళ్లలాంటి ఉమ్మిలో ఏమీ కనిపించదు, ‘నెగెటివ్’ అని రాస్తాం, ఆ మనిషి నిశ్చింతగా ఇంటికి వెళతాడు. కళ్లె మంచిదైనా, మిల్లీలీటరుకు అయిదు వేల నుంచి పది వేల వరకు క్రిములు ఉంటేగాని మైక్రోస్కోపు కింద పట్టుబడవు. పట్టుబడినా అన్నీ నీలి నేపథ్యంలో ఎర్రటి సన్నని పుల్లల్లాగే కనిపిస్తాయి. మందుకు లొంగేదీ, మొండిదీ, ఈ ప్రాంతపుదీ, వేరే ప్రాంతపుదీ అని వాటిలో తేడా తెలియదు.

క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకునే ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలు వచ్చాక పరిస్థితి మెరుగైన మాట నిజం. ఈ పరీక్షలు వ్యాధిని గుర్తించడంతో పాటు క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెబుతాయి. అయితే 2014-16 జాతీయ సర్వే ప్రకారం కొత్త రోగుల్లో 11 శాతం మందికి, అంతకుముందు మందులు వాడినవారిలో 25 శాతం మందికి మరో ముఖ్యమైన మందు ఐసోనియాజిడ్ పనిచేయడం లేదు. మనం మామూలుగా చేసే ట్రూనాట్ పరీక్ష దీన్ని పట్టుకోదు. నమూనాను పెద్ద ల్యాబ్‌కు పంపి వేరే పరీక్ష చేయించాలి. క్షయ రహిత పంచాయతీకి మాత్రం, మందు పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష 60 శాతం మంది రోగులకు జరిగితే చాలు. మిగతా 40 శాతంలో మొండి టీబీ ఉంటే ఆ ఊరు ఏం చేయాలి?

ఇక క్రిమి రకాల విషయం. జన్యువుల పోలికను బట్టి క్షయ క్రిములను వంశాలుగా విడదీసి అంకెలతో పిలుస్తారు. దక్షిణాదిలో ఎక్కువగా కనిపించేది ఒకటో వంశానికి చెందిన క్షయ క్రిమి. ఉత్తరాదిలో మూడో వంశానిది పైచేయి. మందులకు లొంగకపోవడంతో చాలా దేశాల్లో ముడిపడిన బీజింగ్ రకం రెండో వంశానిది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, కృష్ణపట్నం పరిసరాల్లో ఉత్తరాది కార్మికులు పనిచేస్తున్నారు, మనవాళ్లు దేశమంతా తిరుగుతున్నారు. ఎవరు ఎవరికి అంటించారని వేలెత్తి చూపడానికి ఈ మాట చెప్పడం లేదు. ఒక ఊళ్లో ఏడాది లోపల ముగ్గురికి క్షయ తేలితే, ఆ మూడు క్రిముల జన్యుక్రమం దాదాపు ఒకటే అయినప్పుడు అది ఈ మధ్యే ఒకరినుంచి ఒకరికి పాకిందని, మొదటి మనిషిని మనం ఆలస్యంగా పట్టుకున్నామని తెలుస్తుంది. మూడూ వేరువేరైతే, ఎప్పుడో ఒంట్లో చేరి అణిగి ఉన్న క్రిమి తిండి చాలకనో, షుగర్ వల్లనో ఇప్పుడు తిరగబెట్టి ఉండవచ్చు, లేదా బయటి ఊళ్లలో అంటి ఉండవచ్చు. ఈ రెండు ఊళ్లకూ చేయాల్సిన పని ఒకటి కాదు. మొదటిదానిలో ఇరుగుపొరుగు అందరికీ వెంటనే పరీక్షలు కావాలి. రెండోదానిలో ముందుజాగ్రత్త మాత్రలూ పౌష్టికాహారమూ ముఖ్యం. పాతకాలపు డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి దక్షిణాది రకాలకు అంతగా అక్కరకు రాలేదు, ఎందుకంటే దానికి ఆధారమైన జన్యుభాగం వీటిలో చాలావాటికి ఒకే ప్రతి ఉంటుంది, దాంతో ఒకదాన్నుంచి ఒకటి వేరు చేయడం కష్టం. పూర్తి జన్యుక్రమ పరీక్షకు ఆ ఇబ్బంది లేదు.

మన పొరుగున ఉన్న అప్పటి చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన, క్షయ టీకా బీసీజీ మీద జరిగిన భారీ ప్రయోగం, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేకపోయిందని తేల్చింది. దక్షిణాది క్రిమి రకాల తీరు కూడా అందుకు ఒక కారణమా అని శాస్త్రవేత్తలు చాలాకాలం చర్చించారు. వేరే చోట కుదిరింది ఇక్కడా కుదురుతుందని చూడకుండానే నమ్మడం ఎంత పొరపాటో అది చెబుతోంది.

అంటుకోవడాన్ని కొలిచేందుకు పాతదే అయినా గట్టి దారి ఒకటుంది, అది పసిపిల్లలను చూడటం. అయిదేళ్ల బిడ్డ ఒంట్లో క్షయ క్రిమి చేరిందంటే అది గత అయిదేళ్లలోనే జరిగి ఉండాలి. బీసీజీ వేసిన పిల్లల్లో పాత మాంటూ చర్మపరీక్ష, ఆ టీకా వల్లనే పాజిటివ్ చూపి తికమక పెట్టేది. 2022లో మన దేశంలో అనుమతి పొందిన సీవై-టీబీ చర్మపరీక్షకు ఆ చిక్కు లేదు. రోగి ఇంట్లోని వారందరికీ, వయసుతో నిమిత్తం లేకుండా, ముందుజాగ్రత్త మందులు ఇవ్వాలని 2021 నుంచే మార్గదర్శకాలున్నాయి. ఆ మందులు ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది చివరిదాకా మింగారు అన్నది పంచాయతీ వారీగా ప్రజలకు తెలియాలి.

దుమ్ములో పనిచేసేవారిని ప్రత్యేకంగా చూడాలి. మార్కాపురం పలకల షెడ్లలో రంపం కింద రాయి కోస్తున్నప్పుడు లేచే తెల్లటి దుమ్ము కనురెప్పల మీద పేరుకుపోతుంది, ముక్కుకు అడ్డం తువ్వాలు ఒక్కటే. ఆ సిలికా దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులకు క్షయ సోకే ముప్పు చాలా రెట్లు ఎక్కువ. అక్కడ దగ్గు సర్వసాధారణం కాబట్టి దగ్గు ఉందా అన్న ప్రశ్నకు అర్థమే లేదు.

నెల్లూరు, ప్రకాశం, మార్కాపురం జిల్లాల యంత్రాంగాన్ని నేను కోరేది ఇదీ. పలకల షెడ్లకూ, క్వారీలకూ ఏడాదికోసారైనా చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రాన్ని పంపాలి. రోగులందరి నమూనాలకూ ఐసోనియాజిడ్ పరీక్ష కూడా చేయించాలి. ఒకే ఊళ్లో ఒకటికి మించి కేసులు వచ్చినప్పుడు ఆ నమూనాల జన్యుక్రమ పరీక్షకు, నెల్లూరుకు కొద్ది గంటల దూరంలో ఉన్న చెన్నై జాతీయ క్షయ పరిశోధన సంస్థ సాయం అడగాలి. వచ్చే ఏడాది ధ్రువపత్రాల పరిశీలనకు వెళ్లే బృందాలు, రోగి ఇంట్లోని అయిదేళ్ల లోపు పిల్లల్లో ఎంతమందికి క్రిమి సోకిందన్న లెక్కను కూడా ఆ పంచాయతీల నుంచి అడిగి తీసుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
ఒంగోలు