సమాధి మీద దస్తావేజు

యాన్బూ, సౌదీ అరేబియా

ఏరా మామా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు డ్యూటీలో ఉన్నాను, రెండు ముక్కలు కూడా మాట్లాడలేకపోయాను. వాట్సాప్‌లో పెడదామంటే ఇది నాలుగు మెసేజీల్లో తేలే సంగతి కాదు. అందుకే ఈ శుక్రవారం పొద్దున్నే టీ పెట్టుకుని, కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నవాడివి, నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా దీని రుచి తెలియదు.

పోయిన నెల నేను, మా క్యాంపులోని ఇద్దరు నిజామాబాద్ అన్నలు కలిసి అల్ ఉలా వెళ్లాం. అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు పైకి పోతే హెగ్రా అనే చోటు వస్తుంది. ఇక్కడివాళ్లు మదాయిన్ సాలిహ్ అంటారు, సాలిహ్ ప్రవక్త ఊళ్లని అర్థం. సౌదీలో యునెస్కో వారసత్వ జాబితాకి మొదట ఎక్కింది ఇదే, 2008లో. మన బండి లోపలికి రానివ్వరు, వాళ్ల బస్సులోనే తీసుకెళ్తారు. వెంట వచ్చి కథంతా చెప్పే మనిషిని 'రావీ' అంటారు. మాకు వచ్చిన రావీ చిన్న పిల్ల. ఆ రాళ్ల మధ్యే పుట్టి పెరిగినట్టు చెప్పింది.

పదకొండేళ్లుగా ఈ ఎడారిని కంపెనీ బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పాతకాలంలో ఇక్కడ ఒంటెలు, గుడారాలు తప్ప ఇంకేముంటాయి అనుకునేవాణ్ణి. మన సోషల్ క్లాసులో కూడా అరబ్బులంటే సంచార జాతులని ఒక్క ముక్క చెప్పి వదిలేశారు కదా. ఆ ఒక్క ముక్క ఎంత అన్యాయమో ఆ రోజు తెలిసింది.

వీళ్లు నబతీయులు. దక్షిణాన యెమెన్ నుంచి సాంబ్రాణి ఒంటెల మీద వేసుకుని, ఎడారి దాటించి, మధ్యధరా ఒడ్డున గాజా దాకా చేర్చేవాళ్లు. రోము గుళ్లలో వేసిన ధూపంలో ఎంతో భాగం వీళ్ల చేతుల మీదుగా పోయిందే. రాజధాని జోర్డాన్‌లోని పెట్రా. హెగ్రా వాళ్ల రాజ్యానికి దక్షిణం కొసన ఉన్న పెద్ద పట్నం.

వీళ్ల గురించి మొట్టమొదట రాసిన గ్రీకుల మాట వింటే నీకు ఆశ్చర్యమేస్తుంది. డయోడోరస్ అనే చరిత్రకారుడు చెప్పినదాని ప్రకారం, క్రీ.పూ. 312 నాటికి నబతీయుల్లో ఒక కట్టుబాటు ఉండేది. గింజ విత్తకూడదు, పండ్ల చెట్టు నాటకూడదు, ద్రాక్షసారా తాగకూడదు, ఇల్లు కట్టకూడదు. తప్పితే చావే శిక్ష. ఎందుకంటే ఇల్లూ పొలమూ ఉన్నవాడు వాటిని పోగొట్టుకోలేక బలవంతుడికి లొంగిపోతాడట. ఆ ఏడు అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన ఆంటిగోనస్ సైన్యం, మగవాళ్లు సంతకు పోయిన రాత్రి చూసి వీళ్ల స్థావరం మీద పడి, సాంబ్రాణి, బోళం, ఐదు వందల టాలెంట్ల (అది ఆనాటి తూకం) వెండి ఎత్తుకుపోయింది. సంగతి తెలిసి మగవాళ్లు వెంటపడి, అలిసి నిద్రపోతున్న ఆ సైన్యాన్ని దాదాపు మొత్తం నరికేశారు.

వాళ్ల అసలు బలం మాత్రం నీళ్లు. నేల కింద పెద్ద తొట్లు తవ్వి, గార పూసి, వాననీళ్లు పట్టి దాచేవాళ్లు. పైన మూతి చాలా చిన్నది, లోపలికి పోయేకొద్దీ వెడల్పు. నింపాక మూతి పూడ్చి నేలతో సమం చేసేస్తారు. గుర్తులు వాళ్లకే తెలుసు. వెంటపడ్డ శత్రువు దాహంతో చావాల్సిందే. ఎండాకాలంలో బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం లైన్లో నిలబడి పెరిగిన మనకి ఆ చిన్న మూతి విలువ వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇల్లు కడితే చంపేస్తామన్న ఆ జనమే, మూడు వందల ఏళ్లు తిరిగేసరికి కొండల్ని తొలిచి చచ్చినవాళ్లకు ఇళ్లు చెక్కుకున్నారు. హెగ్రాలో అలాంటి పెద్ద సమాధులు 111 ఉన్నాయి. వాటిలో 94 నగిషీ చేసినవి. అన్నిటికన్నా గొప్పది ఖస్ర్ అల్ ఫరీద్, ఒంటి రాయికి చెక్కింది, ఇరవై మీటర్ల పైన ఎత్తు. అది పూర్తి కాలేదు. పైనంతా నున్నగా ఉండి, కిందికొచ్చేసరికి ఉలి దెబ్బలు అలాగే మిగిలిపోయాయి. దాన్నిబట్టే వాళ్లు పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చేవాళ్లని తేలింది. మనవాళ్లు ఎల్లోరాలో కైలాసం తొలిచింది కూడా అలాగే కదా.

ఇప్పుడు నీ సంగతికొస్తాను. ముప్పైకి పైగా సమాధుల గుమ్మాల మీద శాసనాలు ఉన్నాయి. శాసనమంటే దేవుణ్ణో రాజునో పొగిడే పద్యం అనుకున్నాను. కాదురా, అచ్చం నువ్వు రాసే దస్తావేజులే! రావీ ఒకదాన్ని చదివి ఇంగ్లీషులో చెబుతుంటే నాకు మీ ఆఫీసు, నీ స్టాంపు పేపర్లు, నీ సన్నటి చేతిరాత కళ్ల ముందు కదిలాయి.

అది కమ్కమ్ అనే ఆడమనిషి సమాధి. హారితత్ రాజు ఏలుబడి తొమ్మిదో ఏట, టెబెత్ నెలలో రాయించింది. అంటే సరిగ్గా క్రీస్తు శకం మొదలయ్యే రోజులన్నమాట. "వాయిలత్ కూతురు కమ్కమ్, ఆమె కూతురు కులైబత్, తమకూ తమ సంతానానికీ చేయించుకున్న సమాధి" అని మొదలవుతుంది. చూశావా, అమ్మ పేరు, కూతురి పేరు ఉన్నాయి, మొగుడి ఊసే లేదు. తరవాత షరతులు. దీన్ని అమ్మినవాణ్ణి, కొన్నవాణ్ణి, తాకట్టు పెట్టినవాణ్ణి, ఇతరులకు దానం ఇచ్చినవాణ్ణి, వీళ్లను తప్ప వేరేవాళ్లను పాతిపెట్టినవాణ్ణి దుషరా దేవుడు, అల్లాత్, మనోతు దేవతలు శపించాలట. శాపంతో ఆగలేదు, జరిమానా కూడా ఉంది. పూజారికి వెయ్యి సెలాలు, అంటే ఆ రాజు పేరిట కొట్టిన వెండి నాణేలు.

దాన, వినిమయ, విక్రయాది హక్కులని నువ్వు రోజూ రాస్తావు కదా, ఆ వరసే ఇక్కడ తిరగేసి కనిపిస్తోంది! ఆ శాపం కూడా మనకు కొత్త కాదు. మన దాన శాసనాల చివర "స్వదత్తాం పరదత్తాం వా" అని ఉంటుందే, ఇచ్చిన భూమి లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. ఇద్దరికీ భయం ఒక్కటే, తాము పోయాక వారసులో పక్కవాళ్లో తిప్పేస్తారని.

నన్ను అక్కడే కట్టిపడేసింది ఆ తరవాతి వాక్యం. కమ్కమ్ చేత్తోగానీ, కూతురు కులైబత్ చేత్తోగానీ ఇచ్చిన రాత ఎవరి దగ్గరైనా ఉంటే, అది మాత్రం చెల్లుతుందని రాశారు. ఎన్‌ఓసీరా అది! రెండు వేల ఏళ్ల కిందటి ఎన్‌ఓసీ. అడుగున చెక్కిన శిల్పి పేరు కూడా ఉంది, వహబల్లాహి అని. వేరే సమాధి మీదైతే, దీని నకలు ఫలానా గుడిలో దాచామని రాశారు. మీ రిజిస్ట్రారు ఆఫీసులో కాపీ ఉంచినట్టే.

ఇంకో సమాధి హినత్ అనే ఆవిడది. అందులో దొరికిన ఎముకలను బట్టి నబతీయ స్త్రీ ముఖం ఒకటి తయారుచేసి, 2023లో అక్కడ ప్రదర్శనకు పెట్టారు. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. మన వాడకట్టు అత్తలాగే ఉంది మామా, కాస్త అలిసిన మొహం.

ఊరి సంగతి త్వరగా చెప్పేస్తాను. మట్టి ఇటుకల ఇళ్లు, చుట్టూ గోడ, రాతిలో తవ్విన బావులు 130 దాకా. ఆ నీళ్లతో ఖర్జూరం ఒక్కటే కాదు, పత్తి కూడా పండించారు! తవ్వకాల్లో పత్తి గింజలూ గుడ్డలూ దొరికాయి. వరంగల్ మార్కెట్‌లో నాన్న పత్తి బస్తాల మీద కూర్చుని ధర కోసం ఎదురుచూసిన రోజులు గుర్తొచ్చి ఆ బావి అంచున కాసేపు కూలబడ్డాను. వీళ్లు ఇక్కడ పత్తి ఏరుతున్న రోజుల్లో మన కోటిలింగాల వైపు శాతవాహనులు నాణేలు కొడుతున్నారు.

క్రీ.శ. 106లో రోము చక్రవర్తి ట్రాజన్ ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. హెగ్రాలో దొరికిన ఒక లాటిన్ శాసనంలో ఊరి గోడ బాగు చేయించినట్టు ఉంది. అంటే రోము సిపాయిలు ఇంత దూరం వచ్చి కాపలా కాశారన్నమాట. రాజ్యం పోయినా రాత పోలేదు. నబతీయుల లిపి మారుతూ మారుతూ ఇవాళ ఇక్కడ బోర్డుల మీద మనం చూసే అరబ్బీ లిపి అయింది. బస్సు దిగి క్యాంపుకొచ్చిన రాత్రి నుంచి షాపుల పేర్లు చూస్తే కమ్కమ్ గుమ్మమే గుర్తొస్తోంది.

నీకోసం ఒకటి చివరికి అట్టిపెట్టాను. పెట్రాలో తుర్కమానియ్యా అనే సమాధి ముందు గోడ మీద ఇంకో శాసనం ఉంది. అది పూర్తిగా నువ్వు దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలే. పెద్ద గది, దాని లోపల చిన్న గది, ముందున్న ఆవరణ, వసారాలు, విందు తోట, నీటి తొట్లు, గోడలు, మిగతా ఆస్తి అంతా అని వరసగా రాసి, ఇదంతా దుషరా దేవుడి సొత్తు, పత్రాల్లో ఉన్నట్టే నడవాలన్నారు. అంత వివరంగా రాసినవాళ్లు సమాధి ఎవరిదో పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. షెడ్యూలు ఉండి హక్కుదారు పేరు లేని దస్తావేజు నీ చేతికి ఎప్పుడైనా వచ్చిందా? జవాబులో తప్పకుండా రాయి. అత్తమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో కూడా రాయి.

నీ మామ