స్కీజిక్స్ ఎప్పుడు పెద్దవాడవుతాడురా?

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావురా? మీ ఆవిడ, పిల్లలు బాగున్నారు కదా? ఇక్కడ అందరం కులాసా. ఒక్క విషయంలోనే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంకెవరికి చెప్పినా బొమ్మల కథల కోసం ఇంత గొడవేంటంటారు కాబట్టి నీకే రాస్తున్నాను.

'గ్యాసొలీన్ ఆలీ' అనే బొమ్మల కథ గురించి చెప్పాను చూడు, అదే. ఫ్రాంక్ కింగ్ 1918లో షికాగో ట్రిబ్యూన్ పేపర్లో మొదలుపెట్టాడు. మొదట్లో అందులో కార్లు బాగుచేసుకుంటూ కబుర్లాడుకునే మగాళ్ళు తప్ప ఏమీ లేదు. ఆడవాళ్ళు కూడా చదవాలంటే కథలో ఓ పసిబిడ్డ ఉండాలన్నాడు పత్రిక నడిపే ప్యాటర్సన్. కథలో ముఖ్యుడు వాల్ట్ చూస్తే బ్రహ్మచారి! అందుకని 1921 ఫిబ్రవరి 14న అతని గుమ్మంలో ఎవరో పసివాణ్ణి వదిలేసి పోతారు. వాడే మన స్కీజిక్స్.

అప్పట్నుంచి పాఠకుడికి ఏడాది గడిస్తే వాడికీ ఒక ఏడాది నిండుతుంది. 1926లో వాల్ట్‌కి ఫిలిస్‌తో పెళ్ళవుతుంది, 1928లో వాళ్ళకి కార్కీ పుడతాడు. స్కీజిక్స్ 1942లో సైన్యంలో చేరతాడు, 1944లో నీనాని పెళ్ళి చేసుకుంటాడు. ఇవన్నీ నేను అక్కడా ఇక్కడా చదివి తెలుసుకున్నవే గానీ, పుస్తకంలో బొమ్మలుగా చూసింది కాదు. నా బాధంతా అదే.

ఈ కథల సంపుటాలు 2005లో మొదలయ్యాయి, ఒక్కోదాంట్లో రెండేళ్ళ కథ. నా దగ్గరున్న ఆరోది 2015లో వచ్చింది, అందులో కథ 1931–32 నాటిది. స్కీజిక్స్‌కి ఇంకా పన్నెండు నిండలేదు! రోజువారీ బొమ్మలు కింగ్ 1959 దాకా చూసుకున్నాడు. అవన్నీ రావాలంటే మొత్తం ఇరవై సంపుటాలు కావాలి. ఇదే నడకైతే మనం ముసలాళ్ళమైపోతాం.

పని కష్టమని నాకూ తెలుసు. జో మ్యాట్ అనే కార్టూనిస్టు ఏళ్ళ తరబడి పోగేసుకున్న పాత పేపర్ కత్తిరింపుల నుంచి ఈ సంపుటాలకి చాలా బొమ్మలు తీసుకున్నారు. అలాంటివాడు ఒకడు లేకపోతే ఆ మాత్రం కూడా వచ్చేవి కావు. పాపం, ఆయన 2023లో పోయాడు.

పైగా ఇవి రోజువారీ బొమ్మలు మాత్రమే. ఆదివారం రంగుల పేజీలు వేరే. వాల్ట్, స్కీజిక్స్ రాలిన ఆకుల మధ్య నడుచుకుంటూ పోతుంటే పేజీ పేజీ అంతా పసుపూ ఎరుపే. వాటి సంపుటాలూ ఒకటీ అరా వచ్చాయి గానీ వరస లేదు.

వేరే కామిక్ అయితే నేనింత ఇదైపోనురా. హీరోకి వయసు రానప్పుడు మధ్యలో నాలుగు పుస్తకాలు లేకపోయినా కొంప మునగదు. ఇక్కడ పిల్లాడు ఎదగడమే కథ. ఇంటర్వెల్‌లో హాలు మూసేసి ఇంటికి పొమ్మన్నట్టుంది.

ఇక అసలు పని. 1935లో వాల్ట్ కారులో మరో పసిపాప దొరుకుతుంది, జూడీ. ఆ రోజు వాల్ట్ ముఖం ఎలా ఉందో, స్కీజిక్స్ ఏమన్నాడో నాకు చూడాలనుంది. నువ్వుండేది ఆ పేపర్ పుట్టిన ఊళ్ళోనే కదా. శనివారం వీలు చూసుకుని లైబ్రరీలో పాత ట్రిబ్యూన్ మైక్రోఫిల్ములు అడుగు. ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి చాలు. ఫోన్‌తో ఫోటోలు తీసి పంపరా, మసకగా ఉన్నా ఫర్వాలేదు.

నీ
శీను