పాములన్నిటికీ ఒకే వేడి అని రాసిన కంపెనీకి ఫిర్యాదు

మారతహళ్ళి, బెంగళూరు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. పాము పెట్టెలో హీటర్ వేడిని అదుపు చేయడానికి నవంబరులో మీ డిజిటల్ థర్మోస్టాట్ కొన్నాను. జనవరిలో ఒక రాత్రి అది నా పాము ప్రాణం తీసినంత పని చేసింది.

నా దగ్గరున్నది రైనో ర్యాట్ స్నేక్. ముక్కు చివర చిన్న కొమ్ములా పొలుసుల మొన ఉంటుంది. పుట్టినప్పుడు బూడిద రంగు, పెరిగేకొద్దీ ఆకుపచ్చ. మాది ఇప్పుడిప్పుడే మెడ దగ్గర పచ్చబడుతోంది. ర్యాట్ స్నేక్ అనగానే ఫోన్‌లో మీ కస్టమర్ కేర్ అబ్బాయి "జెర్రిపోతేనా సార్?" అన్నాడు. కాదండీ. మన జెర్రిపోతును ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇది ఉత్తర వియత్నాం, దక్షిణ చైనా కొండల జాతి. అడవిలో పట్టింది కాదు, పెంపకంలో పుట్టిన పిల్ల. తేమగా, చల్లగా ఉండే చోట బతికే జీవి. 25 డిగ్రీలు హాయి, 30 దాటితే ప్రమాదం.

చలికాలం రాత్రుళ్లు ఇక్కడ 15కు పడిపోతుంది కాబట్టి హీటర్ కావాలి. 25కు సెట్ చేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే మీ డిస్‌ప్లే మీద 23. పెట్టె తలుపు తీయగానే ముఖానికి సెగ కొట్టింది. లోపల నేను విడిగా పెట్టుకున్న థర్మామీటర్‌లో 35! మీ సెన్సర్ 23 దగ్గరే ఆగిపోయింది, ఇంకా చల్లగా ఉందనుకుని హీటర్ రాత్రంతా మండింది. పాము నీళ్ల గిన్నెలో చుట్టుకుని, నోరు తెరిచి ఉంది. ఒంటి వేడిని తనంతట తాను తగ్గించుకోలేని ప్రాణి, ఆ పెట్టెలోంచి ఎక్కడికి పోతుంది? బతికింది. కానీ 18 రోజులు ఎలుకపిల్లను ముట్టలేదు. ఆ 18 రోజులూ నాకు నిద్ర లేదు.

మీవాళ్లు "పాములకు 32 మంచిదే, పుస్తకంలో ఉంది" అన్నారు. నిజమే, మీ కంపెనీ రాసిన ఆ పుస్తకంలో అన్ని పాములకూ 32 అనే ఉంది. బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువకు వెచ్చని మూలలో అది సరిపోతుంది. ఇలాంటి చల్లని కొండల పాముకు అదే పెడితే చచ్చిపోతుంది. ఆ పేజీ నమ్మి ఎంతమంది అలా పెట్టారో అని టెన్షన్‌గా ఉంది.

థర్మోస్టాట్ డబ్బు, డాక్టర్ ఖర్చు వెనక్కి ఇవ్వండి. అంతకంటే ముందు ఈ మోడల్ కొన్నవాళ్లందరికీ సెన్సర్ సంగతి తెలియజేసి, ఆ పేజీ మార్చండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

పాడైన థర్మోస్టాట్ పారేయలేదు, ఆ ఉదయం తీసిన వీడియో కూడా ఉంది. మీ ఇంజనీరును పంపితే చూపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్