కార్తీకంలో మోగిన గంటలు

సంపాదకులకు,

సాలూరు ఘాట్ ఎక్కి ఒడిశాలోని మా జయపురం వచ్చే మీ పత్రికను నేను మధ్యాహ్నం అన్నం తిన్నాక, మిషన్ ఆపిన అరగంటలో చదువుతాను. నవంబరులోనే క్రిస్మస్ పాటలేమిటని విసుక్కుంటూ మొన్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం కూడా అలాగే చదివాను. నేను క్రైస్తవురాలిని, లూథరన్ సంఘం. ముప్పై ఏళ్లుగా ఆడపిల్లల గౌన్లు, జాకెట్లు కుట్టి బతుకుతున్నాను. ఆయన విసుగులో నాకూ వాటా ఉంది గానీ నా కారణం వేరు.

ముందు నా సంగతి ఒప్పుకోవాలి. దసరా వెళ్ళీవెళ్ళగానే ‘క్రిస్మస్ ఆర్డర్లు నవంబరు 20 వరకే’ అని గుమ్మానికి అట్టముక్క కట్టేది నేనే. సండే స్కూలు నాటకంలో దేవదూతల రెక్కలకు నెట్టు గుడ్డ, లేసు అక్టోబరులోనే కొని పెట్టుకుంటాను. పాటలు నేర్చుకునే పిల్లలు సాయంత్రాలు మా వరండాలోనే కూర్చుంటారు. కుట్టేవాళ్ళకీ, పాడేవాళ్ళకీ పండగ ముందే రాకపోతే ఎలా? కానీ మా వరండా పాట వీధి మలుపు దాటదు.

కార్తీక పున్నమి పొద్దున దారం, హుక్కులు కొనడానికి బజారుకు వెళ్ళాను. మా పక్కింటి ఒడియా అక్క, ఆవిడ కోడలు జగన్నాథ సాగర్ చెరువులో అరటిదొప్ప పడవలు వదిలి వస్తూ ఎదురయ్యారు. వాళ్ళ లెక్కలో కార్తీకం ఆ రోజుతో సరి, మన తెలుగువాళ్ళకి ఇంకా పదిహేను రోజులుంది. అక్క నెలంతా నీచు ముట్టని మనిషి, ఆ పూట ఉపవాసం కూడాను. సరిగ్గా అప్పుడే ఎదురుగా పెద్ద బట్టల షాపు స్పీకరులోంచి ‘జింగిల్ బెల్స్’ చెవులు పగిలేలా మొదలైంది. గుమ్మం దగ్గర ఎర్ర టోపీ పెట్టుకున్న కుర్రాడు చెమటలు తుడుచుకుంటున్నాడు. “మీ పండగ అప్పుడే వచ్చేసిందా?” అంది అక్క. ఎగతాళిగా అనలేదు, అయినా నాకే సిగ్గేసింది. కొంచెం తగ్గించు నాయనా అంటే ఆ కుర్రాడు, “ఓనరు పెన్‌డ్రైవ్ పెట్టి వెళ్ళారమ్మా, ముట్టుకుంటే తిడతారు” అన్నాడు.

నిజానికి ఆ పాట మా పండగది కాదని అక్కకి ఎలా చెప్పను? అమెరికాలో జేమ్స్ పియర్‌పాంట్ అనే ఆయన 1857లో అచ్చు వేయించిన పాట అది. అందులో గుర్రం ఉంది, మంచు మీద జారే బండి ఉంది. క్రీస్తు లేడు, క్రిస్మస్ అన్న మాటే లేదు. మా కొరాపుట్ జిల్లాలో మంచు అంటే ఘాట్ రోడ్డు మీద లారీలు పొద్దున్నే లైట్లు వేసుకు నడిచే పొగమంచు.

మా సంఘానికి 1880లలో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన మిషనరీలు పునాది వేశారు. ఆ దేశంలోనే, హాంబర్గ్‌లో, పేద పిల్లల ఆశ్రమం నడిపిన విఖెర్న్ అనే పాస్టరుగారు 1839లో ఒక చక్రానికి కొవ్వొత్తులు గుచ్చారట. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు ప్రాణం తీస్తుంటే రోజుకొకటి వెలిగించడానికి. ఆదివారాలకు పెద్దవి, మిగతా రోజులకు చిన్నవి. మేము ఇప్పటికీ క్రిస్మస్ కోసం ఎదురుచూసే ఆగమన కాలంలో, నాలుగు ఆదివారాలకు నాలుగు వెలిగిస్తాం. ఈ ఏడాది, 2025లో, మొదటిది నవంబరు 30న. అప్పటిదాకా ఆగడం కూడా పండగలో భాగమే మాకు.

డిసెంబరు రెండో వారం నుంచి రాత్రిళ్ళు డోలక్, తాళాలు పట్టుకుని క్యారల్ రౌండ్స్‌కి, అంటే ఇంటింటికీ క్రిస్మస్ పాటలు పాడటానికి వెళ్తాం. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, ఊరి చివర పేటల్లో ఇక్కడి కొండ జనం మాట్లాడే దేశియా. మూడు భాషలూ ఒకే డోలక్ మీద నడుస్తాయి. పోయినేడు ఒక ఇంటి పెద్దాయన వరండాలోకి వచ్చి, “నెల్లాళ్ళుగా షాపుల్లో ఇదే గోల వింటున్నాం తల్లీ, పాట వద్దులే, టీ తాగి వెళ్ళండి” అన్నారు. మంచి మనిషే. కానుక కవరు కూడా ఇచ్చారు. మా జట్టులో ఎనిమిదేళ్ళ పిల్ల అక్టోబరు నుంచి రెండే రెండు చరణాలు నేర్చుకుంది, ఆ ఇంటి దగ్గర పాడాలని. టీ తాగేసి, తోవలో చీకట్లో తనలో తనే పాడుకుంటూ నడిచింది.

ఇక 26వ తారీఖు పొద్దున చూడండి. ఆ షాపులో నక్షత్రం దించేసి సంక్రాంతి ఆఫర్ల బోర్డు పెట్టేస్తారు. మాకు పండగ కాలం మొదలయ్యేదే 25న, జనవరి 6 దాకా ఉంటుంది. పాట కావలసిన రోజుల్లో ఆ స్పీకరు నోరు మెదపదు.

మీ పత్రిక ఆ షాపు కౌంటరు మీద రోజూ చూస్తుంటాను, కాబట్టి ఓనరుగారు ఇది చదువుతారు. అయ్యా, ఆ పెన్‌డ్రైవ్ నవంబరు 30 దాకా సొరుగులో పెట్టండి. తర్వాత కావాలంటే మా పిల్లల పాటలు ఫోనులో రికార్డు చేసి ఇస్తాను, మూడు భాషల్లోనూ, డబ్బులేం వద్దు. దేశియా పాటలో డోలక్ ఒకచోట తప్పుతుంది. వాయించేది మా అబ్బాయే, ఏమీ అనుకోకండి.

– బట్టలు కుట్టే ఒక పాఠకురాలు,
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా