పిల్లల చూపుకు పగటి వెలుతురు కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పిల్లవాడికి సైటు (దూరపువి మసకగా కనబడే మైనస్ పవర్) వచ్చిందని తెలియగానే ఇంట్లో అందరి కోపమూ ఫోన్ మీదికే పోతుంది. లాక్కుంటారు, నాలుగు రోజులు దాచిపెడతారు, అయిదో రోజు హోంవర్కు వాట్సాప్‌లో వచ్చిందని మళ్లీ చేతికిస్తారు. పాఠశాలల్లో కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టులుగా మేము చెప్పదలచుకున్నది ఒకటే. ఫోన్ తగ్గించడం సగం పనే. పిల్లలు పగటిపూట ఆరుబయట గడిపే సమయం తిరిగి రాకపోతే, ఫోన్ తీసేసినా పుస్తకం ముందో ట్యూషన్ గదిలోనో సైటు పెరుగుతూనే ఉంటుంది. ఆ సమయాన్ని మింగేస్తున్న వాటిలో మన బడుల టైంటేబుల్ కూడా ఉంది.

పుట్టినప్పుడు బిడ్డ కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి 23, 24 దాకా పెరిగి ఆగాలి. అక్కడ ఆగకుండా ఇంకో మిల్లీమీటరు సాగితే రెండున్నర నుంచి మూడు దాకా మైనస్ పవర్ వచ్చేస్తుంది. సాగిన గుడ్డు మళ్లీ పొట్టిది కాదు. కంటి వ్యాయామాలతో కళ్లజోడు తీసేయిస్తామనే ప్రకటనలు నమ్మవద్దని చెప్పేది ఇందుకే. క్యారెట్లు, ఆకుకూరలు పిల్లలకు తప్పకుండా పెట్టాలి, విటమిన్ ఎ లోపం రాకుండా కాపాడతాయి, కానీ సైటును తగ్గించవు. మైనస్ 6 దాటిన కంటికి పెద్దయ్యాక రెటీనా (కంటి వెనకవైపు వెలుతురును గ్రహించే పొర) ఊడిపోయే ముప్పు, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ముప్పు మామూలు కంటికన్నా చాలా ఎక్కువ. జోడు పెట్టుకుంటే చూపు సరిపోతుంది, ఆ ముప్పు మాత్రం పోదు.

గుడ్డు సాగకుండా అదుపు చేసే వాటిలో వెలుతురు ముఖ్యం. మంచి వెలుతురు పడినప్పుడు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలవుతుంది. అది గుడ్డు సాగడాన్ని నెమ్మదింపజేస్తుందని జంతువుల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ట్యూబులైటు వేసిన తరగతి గదిలో వెలుతురు మహా అయితే 300, 400 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్). మబ్బు పట్టిన పగలు కూడా బయట కొన్ని వేల లక్స్ ఉంటుంది, ఎండలో లక్ష దాకా పోతుంది. వేపచెట్టు నీడన కూర్చున్నా గదిలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువే. కాబట్టి మండుటెండలో నిలబెట్టాల్సిన పని లేదు. ఇన్‌డోర్ హాల్లో షటిల్ ఆడితే ఒంటికి మంచిదే గానీ కంటికి ఈ లాభం రాదు.

చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల ఒకటో తరగతి పిల్లలను మూడేళ్లపాటు గమనించిన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ పెట్టారు, అంతకుమించి ఏ మందూ వాడలేదు. మూడేళ్లలో ఆ బడుల్లో కొత్తగా సైటు వచ్చినవారు 30.4 శాతం, పాత టైంటేబుల్ నడిచిన బడుల్లో 39.5 శాతం. తైవాన్ 2010 నుంచి రోజుకు 120 నిమిషాలు ఆరుబయట అనే లక్ష్యంతో బడులను నడిపిస్తోంది. ఒక్క సంగతి మాత్రం దాచకూడదు. ఈ వెలుతురు సైటు రాకముందు బాగా పనిచేస్తుంది, వచ్చాక పెరగకుండా ఆపే బలం దానికి తక్కువ. అందుకే మేము పట్టుబట్టేది ఎల్‌కేజీ నుంచి అయిదో తరగతి దాకా ఉన్న పిల్లల గురించి.

ఇక మన దగ్గర సంగతి చూడండి. అపార్టుమెంటు లాంటి భవనాల్లో మైదానం లేని బడులు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచ్‌లు. పీఈటీ ఉన్నా గేమ్స్ పీరియడ్‌ను సిలబస్ కాలేదని లెక్కల సారుకు ఇచ్చేస్తారు. సాయంత్రం స్టడీ అవర్ వదిలేసరికి చీకటి పడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ పొద్దుండగా రోజుకు 40 నిమిషాల ఆరుబయట పీరియడ్‌ను తప్పనిసరి చేయాలి, దాన్ని వేరే సబ్జెక్టుకు ఇవ్వరాదని ఉత్తర్వులో రాయాలి. మైదానం లేనిచోట డాబా మీద ప్రహరీ ఎత్తు పెంచి ఆడించవచ్చు, దగ్గర్లోని పార్కుకు తీసుకెళ్లవచ్చు, కనీసం భోజనాలు వరండాలో కాకుండా చెట్ల కింద పెట్టించవచ్చు. ఒంటిపూట బడుల రోజుల్లో ప్రత్యేకించి జాగ్రత్త కావాలి. మధ్యాహ్నానికి ఇల్లు చేరిన పిల్లలు వడగాడ్పుకు బయటికి పోలేక సాయంత్రం దాకా ఫోన్‌తోనే ఉంటారు. ఆ నెలల్లో పొద్దున ప్రార్థన నుంచి మొదటి గంట మొత్తం ఆరుబయటే జరిపితే ఎండ దెబ్బ ఉండదు, వెలుతురూ దక్కుతుంది.

ఫోన్ విషయంలో తల్లిదండ్రులు గంటలు లెక్కపెడతారు గానీ దూరం చూడరు. దగ్గరిది చూడాలంటే కంటి లోపలి కండరం బిగుసుకుని కటకాన్ని ఉబ్బించాలి. 3 మీటర్ల దూరంలోని టీవీకి ఆ శ్రమ మూడోవంతు డయాప్టరు (జోడు నెంబరును కొలిచే యూనిట్ ఇదే). 40 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకానికి రెండున్నర. మంచం మీద పడుకుని 20 సెంటీమీటర్లలో పట్టుకున్న ఫోన్‌కు అయిదు. అంటే అదే వీడియోకు టీవీలోకన్నా ఫోన్‌లో కంటికి 15 రెట్లు శ్రమ. చూడక తప్పని పాఠమైతే ఫోన్‌ను టీవీకి కలిపి పది అడుగుల దూరం నుంచి చూపించండి. పుస్తకానికైనా ఫోన్‌కైనా కొలత పిల్లల చేతిలోనే ఉంది. మోచేతిని పేజీ మీద ఆనించి పిడికిలిని చెంపకు చేరిస్తే ఎంత దూరమో, అంతకన్నా దగ్గరికి రానివ్వకూడదు. ఆ దూరంలో అక్షరాలు ఆనకపోతే సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచాలి.

రోజుకు నాలుగు గంటలకు మించి ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసిన పిల్లల్లో కన్ను ముక్కువైపు తిరిగే మెల్ల వచ్చిన కేసులను 2016లో దక్షిణ కొరియా వైద్యులు ప్రచురించారు. ఫోన్ మానిపించాక మెల్ల కోణం తగ్గింది. పిల్లలు ఒకే వస్తువు రెండుగా కనబడుతోందని అంటే వెంటనే వైద్యులకు చూపించాలి.

వయసు పరిమితులు చాలామందికి తెలిసినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్లు నిండేదాకా తెర వద్దు, ఆ తర్వాత నాలుగేళ్ల దాకా రోజుకు గంటకు మించరాదు. ముద్ద పెట్టేటప్పుడు ఫోన్ ఇవ్వడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పెద్ద పిల్లల పరిమితిని మాత్రం ఇంట్లోవాళ్లు కాదు, బడులే దాటిస్తున్నాయి. కరోనా కాలంలో కూడా, 2020 జూలైలో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30 నుంచి 45 నిమిషాల ఆన్‌లైన్ సెషన్లు రెండే ఉండాలన్నాయి. ఇప్పుడు బడికి వెళ్లొచ్చిన పిల్లలు టీచరమ్మ నోట్సు ఫొటోను వేళ్లతో పెద్దది చేసుకుంటూ నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నారు. హోంవర్కు మళ్లీ డైరీలో రాయించండి. ఫొటో తప్పకపోతే తల్లో తండ్రో చదివి వినిపిస్తే పిల్లలు రాసుకుంటారు.

తెర చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం నిమిషానికి 15 సార్ల నుంచి అయిదారుకు పడిపోతుంది. కళ్లు పొడిబారి మండుతాయి, పిల్లలు నలుపుకుంటారు, ఎర్రబడతాయి. 20 నిమిషాలకోసారి 20 సెకన్లపాటు 20 అడుగుల అవతలికి చూడమనేది ఇందుకే. మన గదుల్లో ఎదుటి గోడ పది అడుగులే కనుక కిటికీలోంచి బయటికి చూడాలి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేసే చుక్కల మందు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది కనుక తల్లిదండ్రులు సంతోషించి ఎర్రబడినప్పుడల్లా అదే వేస్తారు. వారాల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నొప్పీ బాధా లేకుండానే నరం దెబ్బతింటుంది. ఆ నష్టం తిరిగి రాదు. కంటి వైద్యులు రాసిస్తే తప్ప ఆ సీసా ఇంట్లో ఉండకూడదు. తెర నుంచి వచ్చే నీలి వెలుతురును వడకట్టే బ్లూలైట్ అద్దాలకు వేరే డబ్బు పెట్టనక్కర్లేదు. వాటివల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదని వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది.

జోడు రాయించేటప్పుడు మొదటిసారి చుక్కలు వేసిన పరీక్ష తప్పనిసరి. పిల్లల కటకానికి బిగుసుకునే శక్తి ఎక్కువ. కంప్యూటర్ యంత్రంలోకి చూసేటప్పుడు కూడా బిగిస్తారు, అప్పుడు లేని మైనస్ కనబడుతుంది, ఉన్నది ఎక్కువగా కనబడుతుంది. కండరాన్ని సడలించే మందు వేసి అరగంటో ముప్పావుగంటో ఆగాకే అసలు నెంబరు తేలుతుంది. ఆ రోజంతా దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, వెలుతురు భరించలేరు. కాబట్టి పరీక్షల ముందురోజు కాకుండా శనివారం పెట్టుకోండి. జోడు పెడితే పవర్ పెరుగుతుందని తక్కువ నెంబరు రాయించుకునేవారున్నారు. అలా చేస్తే పెరుగుదల ఆగదు, నల్లబల్ల మాత్రం కనబడదు. ఫ్రేము ముక్కు మీదికి జారుతుంటే సరైన నెంబరు కూడా సరిగా పనిచేయదు. పెరుగుదలను నెమ్మదింపజేసే ప్రత్యేక లెన్సులు, తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు ఇప్పుడు ఉన్నాయి, అవి ఎవరికి అవసరమో పిల్లల కంటి వైద్యులు నిర్ణయించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన వైఎస్సార్ కంటి వెలుగులో తొలి విడతనే బడి పిల్లలకు కేటాయించడం మంచి పని. కానీ సైటు ఉన్న పిల్లల నెంబరు ఏడాదికి అర నుంచి ఒకటి దాకా మారుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ పరీక్ష ఏటా బడి తెరిచిన నెలలోనే జరగాలి, జోడున్న పిల్లలకు ఆరు నెలలకోసారి జరగాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఇంగ్లిష్ 'ఈ' అక్షరాన్ని పైకి, కిందికి, కుడికి, ఎడమకు తిప్పి, ఒక్కోటి 6.5 మిల్లీమీటర్ల ఎత్తున, అయిదు అక్షరాల వరస ఒకటి ఆదివారం సంచికలో ముద్రించండి. గీత మందం ఎత్తులో అయిదోవంతు, అంటే 1.3 మిల్లీమీటర్లు ఉండాలి. దాన్ని కత్తిరించి, వెలుతురున్న గోడకు పిల్లల కంటి ఎత్తులో అంటించి, 3 మీటర్ల దూరంలో నిలబెట్టాలి. ఒక కంటిని అరచేతితో నొక్కకుండా మూయించి, రెండో కంటితో చూసి ఆ అక్షరం కాళ్లు ఎటున్నాయో వేళ్లతో చూపించమనాలి. తర్వాత రెండో కన్ను. కళ్లు చికిలించనివ్వకూడదు. ఏ కంటితోనైనా మూడు అక్షరాలు సరిగా చూపలేకపోతే, లేదా రెండు కళ్లకూ తేడా కనబడితే ఆ వారంలోనే పరీక్షకు తీసుకెళ్లాలి. ఒక కన్ను మాత్రమే బలహీనంగా ఉన్న పిల్లలు రెండో దానితో నెట్టుకొస్తారు, ఎవరికీ తెలియదు. ఏడెనిమిదేళ్లు దాటాక ఆ కన్నును దారికి తేవడం బాగా కష్టం. ప్లస్ పవర్ ఉన్న (దగ్గరివి చూడటానికి ఎక్కువ శ్రమపడే) పిల్లలు ఈ వరసను సులువుగా దాటేస్తారు కాబట్టి, తరచూ తలనొప్పి అనేవారిని, చదవడానికి మొరాయించేవారిని వరస చూపించినా సరే తీసుకెళ్లాలి. మీ ముద్రణలో కొలత తేడా రాకుండా చూడమని మనవి.

ఇట్లు,
పాఠశాల కంటి పరీక్షల్లో పనిచేసే ఆప్టోమెట్రిస్టులు,
కర్నూలు