మంగళవారం మెల్‌బోర్న్ కప్: మన ఏర్పాట్లు

అందరికీ నమస్కారం 🙏

మంగళవారం ఎలాగూ సెలవే, ఈసారి కప్ గుర్రప్పందెం అందరం కలిసి టీవీలో చూద్దాం. పన్నెండింటికల్లా కమ్యూనిటీ హాల్‌కి వచ్చేయండి. రేసు మధ్యాహ్నం 3 గంటలకి. 3200 మీటర్లు మూడున్నర నిమిషాల్లోపే అయిపోతాయి, కాబట్టి "దారిలో ఉన్నాం, ఐదు నిమిషాలు" అంటే కుదరదు 😄

స్వీప్ (ఎవరి చీటీలో ఏ గుర్రం వస్తే అదే వాళ్ల పందెం): 24 గుర్రాలు, 24 చీటీలు. చీటీకి 5 డాలర్లు, ఆదివారం రాత్రిలోపు ట్రెజరర్ గారికి పంపండి. చీటీలు మంగళవారం అందరి ముందే తీస్తాం. ఏదైనా గుర్రం తప్పుకుంటే ఆ చీటీ డబ్బు వాపసు. పిల్లలకి డబ్బుల ఆట లేదు, చాక్లెట్ల చీటీలు వేరే.

పేరు తెలియని గుర్రం వచ్చిందని మొహం వేలాడేయకండి. ఇది హ్యాండిక్యాప్ రేసు, గట్టి గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు, కాబట్టి మిగతావాటికీ అవకాశం ఉంటుంది. 2015లో పందేల్లో ఒకటికి వంద ధర పలికిన ప్రిన్స్ ఆఫ్ పెంజాన్స్ గెలిచింది. దాని మీద ఉన్నది మిషెల్ పెయిన్, కప్ గెలిచిన తొలి మహిళా జాకీ. ఆ రేసు వీడియో ముందు ఒకసారి వేద్దాం.

తిండి: ఇంటికో వంటకం. పులిహోర ఇప్పటికే మూడిళ్లవాళ్లు తెస్తామన్నారు, ఇక చాలు బాబూ! పకోడీ, పెరుగన్నం ఎవరైనా చూసుకోండి.

రేసు జరిగే ఫ్లెమింగ్టన్‌కే వెళ్లేవాళ్లు కారు తీయకండి, రేస్‌కోర్స్ స్టేషన్ దాకా ఆ రోజు రైళ్లుంటాయి. రెయిన్‌కోటు పెట్టుకోండి, ఇక్కడి వాన సంగతి తెలిసిందేగా.

ఇంటి నుంచి ఎంతమందో శుక్రవారంలోపు ఇక్కడే రాయండి.